ఓట్ల లెక్కలో ఓడి, చెరకు లెక్కలో గెలిచి: ఫిజీలో ఎ.డి. పటేల్

1929 నవంబరులో, పసిఫిక్ దీవుల దేశం ఫిజీ రాజధాని సువాలో, అక్కడి శాసనమండలిలో ముగ్గురు భారతీయ సభ్యులు ఒక తీర్మానం పెట్టారు. జాతిని బట్టి వేరు వేరు ఓటర్ల జాబితాలు వద్దు, అర్హత ఉన్నవాళ్లందరికీ ఒకే జాబితా ఉండాలి అన్నది దాని సారాంశం. సభ దాన్ని తోసిపుచ్చింది. విష్ణుదేవ్, పరమానంద్ సింగ్, జేమ్స్ రామచందర్ రావు ముగ్గురూ రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. ఫిజీ భారతీయులు తమ ప్రతినిధులను తామే ఎన్నుకున్న మొదటి ఏడాది అది. వచ్చిన సీట్లను ఆ ఏడాదే వదులుకున్నారు.

అప్పటికి అంబాలాల్ డాహ్యాభాయి పటేల్ ఫిజీ వచ్చి ఏడాది దాటిందంతే. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1905లో పుట్టి, లండన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1928 అక్టోబరులో ఈ దీవుల్లో దిగిన కుర్ర లాయరు. 1969 అక్టోబరు 1న చనిపోయేదాకా, అంటే మరో నలభై ఏళ్లు, ఆయన ఆ ఉమ్మడి జాబితా డిమాండునే పట్టుకుని ఉన్నారు. దాన్ని గెలవలేకపోయారు. అదే మనిషి, అదే పట్టుదలతో వాదించిన మరో కేసు మాత్రం ఒక మహా కంపెనీ ఆ దేశం వదిలిపోవడానికి దారితీసింది. సభలో తలలు లెక్కపెడతారు. విచారణలో ఖాతా పుస్తకాలు తెరిపిస్తారు. పటేల్ జీవితం ఈ రెండు లెక్కల మధ్యే గడిచింది.

ముందు ఆ దేశం సంగతి. ఫిజీ 1874లో బ్రిటిష్ వలస అయింది. స్థానిక ఫిజీయులను తోటల్లో కూలికి దింపితే వాళ్ల ఊళ్లు, వాళ్ల కట్టుబాట్లు చెదిరిపోతాయని మొదటి గవర్నర్లలో ఒకరైన ఆర్థర్ గోర్డన్ భావించారు. ఆయన అంతకుముందు ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో పనిచేసి వచ్చినవాడు. భారతదేశం నుంచి కూలీలను ఒప్పందం మీద తెప్పించుకోవడం అక్కడ చూసిన పద్ధతే. 1879లో మొదటి ఓడ వచ్చింది. 1916లో ఓడలు ఆగేలోగా అరవై వేలమందికి పైగా వచ్చారు. అయిదేళ్ల ఆ ‘అగ్రిమెంట్’ జనం నోట్లో ‘గిర్మిట్’ అయింది. వచ్చినవాళ్లు గిర్మిటీలు అయ్యారు.

ఇందులో తెలుగువాళ్ల వాటా చిన్నదేమీ కాదు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా కూలీలను ఎక్కించడం మొదలైంది. అలా వెళ్లిన సుమారు 15 వేలమందిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్లు చాలామంది. (ఇప్పటి చిత్తూరు ప్రాంతం చాలావరకు 1911 దాకా ఉత్తర ఆర్కాటులోనే ఉండేది.) అప్పటికే స్థిరపడ్డ ఉత్తరాది గిర్మిటీల దృష్టిలో తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడేవాళ్లంతా ఒక్కటే, ‘మద్రాసీలు’. ఆ చిన్నచూపును తట్టుకోవడానికీ, పిల్లలకు సొంత భాష నేర్పుకోవడానికీ 1926లో సాధు కుప్పుస్వామి నాయకత్వంలో దక్షిణాదివాళ్లంతా కలిసి సంగం పెట్టుకున్నారు. అందులోనూ తమిళానిదే పైచేయి అవుతోందని 1941లో తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర సంగం ఏర్పాటు చేసుకున్నారు. ఈ మద్రాసీ చెరకు రైతులే పటేల్‌కు మొదటి బలం. ఆయన సంగం బడుల నిర్వహణ చూశారు. సంగం కోరిక మీద రామకృష్ణ మిషన్ పంపిన స్వామి రుద్రానందతో కలిసి పనిచేశారు. గుజరాతీ బారిస్టరుకు మద్రాసీ రైతుల అండ ఎలా దొరికిందంటే, ఇద్దరూ ఆ సమాజంలో బయటివాళ్లే. 1937 ఎన్నికల్లో వాయవ్య నియోజకవర్గంలో పోటీ చేసిన పటేల్, ఫిజీలోనే పుట్టిన చత్తూర్ సింగ్ చేతిలో ఓడిపోయారు. ఇక్కడ పుట్టినవాడా, ఇండియా నుంచి వచ్చినవాడా అన్న మాటే ఆ ఎన్నికల్లో పెద్దగా నడిచింది.

ఇక సభ కూర్పు ఎలా ఉండేదో చూస్తే, ఆ రోజుల్లో భారతీయ సభ్యుడి పరిస్థితి మరో వివరణ లేకుండానే అర్థమవుతుంది. 1937 నాటి ఏర్పాటు ప్రకారం యూరోపియన్లకు 5, ఫిజీయులకు 5, భారతీయులకు 5 సీట్లు. పైకి సమానంగా కనిపిస్తుంది. కానీ దేశంలో యూరోపియన్లు గుప్పెడుమంది. ఫిజీయుల తరఫున కూర్చునేవాళ్లు ఎన్నికైనవాళ్లు కాదు, ఫిజీ తెగల పెద్దల మండలి ఇచ్చిన పేర్లలోంచి గవర్నరు నియమించినవాళ్లు. భారతీయుల అయిదులో కూడా ఎన్నికయ్యేది ముగ్గురే, ఇద్దరు నామినేటెడ్. వీళ్లందరికీ ఎదురుగా ప్రభుత్వాధికారులు 16 మంది. మూడు జాతుల సభ్యులు 15 మందీ ఒక్క మాట మీద నిలబడినా ఒక్క ఓటు తేడాతో ఓడిపోతారు. పైన గవర్నరు ఉండనే ఉన్నాడు.

ఇలాంటి సభలో తీర్మానం పెట్టేది నెగ్గడానికి కాదు. మాట రికార్డులోకి ఎక్కాలని, లండన్‌లో కూర్చున్న వలసల శాఖ దాన్ని చదవాలని. పటేల్ సభా ప్రసంగాలు కోర్టు వాదనల్లా ఉండటానికి కారణం ఇదే. సభలో ఉన్నవాళ్లను ఒప్పించే ఆశ లేదు కాబట్టి, దూరంగా ఉన్న న్యాయమూర్తికి వినిపిస్తున్నట్టు మాట్లాడేవారు.

ఆయన సభలోకి వెళ్లకముందే పోరాటం చెరకు తోటల్లో మొదలైంది. ఫిజీలో చక్కెర అంటే ఆస్ట్రేలియాకు చెందిన సి.ఎస్.ఆర్. (కలోనియల్ షుగర్ రిఫైనింగ్) కంపెనీ. గిర్మిట్ రద్దయ్యాక కూలీలు దొరకక, కంపెనీ తన పెద్ద ఎస్టేట్లను సుమారు పదేసి ఎకరాల ముక్కలు చేసి భారతీయ కుటుంబాలకు కౌలుకిచ్చింది. రైతు తన పొలంలో తానే పండిస్తాడు. అయితే మిల్లు కంపెనీది, కాటా కంపెనీది, పొలాల నుంచి చెరకు మోసుకెళ్లే చిన్న పట్టాల రైలు కంపెనీది, చాలాచోట్ల భూమి కూడా కంపెనీదే. ఎప్పుడు నరకాలో, ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది కంపెనీయే. పర్యవేక్షణకు వచ్చే తెల్ల అధికారిని జనం ‘కులంబర్’ అనేవారు, గిర్మిట్ కాలం నాటి మాట అది. టన్నుకు ఎంత ఇవ్వాలో కంపెనీ చెబుతుంది. ఆ చెరకు నుంచి ఎంత చక్కెర వచ్చింది, ఎంతకు అమ్మారు, ఎంత మిగిలింది అన్నది కంపెనీ పుస్తకాల్లో ఉంటుంది. రైతుకు ఆ పుస్తకాలు చూపించరు. నరికిన చెరకు నిలవ ఉండదు. ఇరవై కిలోమీటర్ల దూరంలో మరో మిల్లు లేదు. బేరం ఆడే దారే లేదు.

ధర మీద అనుమానం ఉన్న రైతు చేయగలిగింది ఒక్కటే, చెరకు నరకకుండా వదిలేయడం. 1937లో పుట్టిన చెరకు రైతుల సంఘం కిసాన్ సంఘ్‌తో పొసగక, 1941లో పటేల్, స్వామి రుద్రానంద మహాసంఘ్ అనే మరో రైతు సంఘం పెట్టారు. దక్షిణాది రైతులు ఎక్కువగా దీని వెంట నడిచారు. 1943లో యుద్ధం వల్ల ధరలు మండిపోతుండగా చెరకు రేటు పెంచాలని రైతులు నరకడం ఆపేశారు. నెలల తరబడి చెరకు పొలాల్లో నిలబడిపోయింది. యుద్ధకాలపు నిబంధనల కింద పటేల్ మీద, స్వామి మీద ఆంక్షలు పెట్టారు. చివరికి కోరిన ధర రాకుండానే సమ్మె ముగిసింది. పైగా సామ్రాజ్యం యుద్ధంలో ఉండగా భారతీయులు ద్రోహం చేశారన్న నింద మిగిలింది. ఫిజీయులు సైన్యంలో చేరి సోలమన్ దీవుల్లో పోరాడుతుంటే భారతీయులు పొలాల్లో సమ్మె చేశారన్న మాట ఆ తర్వాత దశాబ్దాలపాటు వినపడింది.

రైతులు మాత్రం పటేల్‌ను వదల్లేదు. 1944లో ఆయన్ను శాసనమండలికి పంపారు.

రెండేళ్లకు ఆయన జీవితంలోకెల్లా కష్టమైన ప్రసంగం చేయాల్సి వచ్చింది. 1946 జనాభా లెక్కల్లో భారతీయులు తొలిసారి స్థానిక ఫిజీయుల సంఖ్యను దాటారు. తేడా రెండు మూడు వేలే, కానీ ఆ వార్త సభను వణికించింది. ఆ ఏడాది జులైలో ఎ.ఎ. రాగ్ అనే యూరోపియన్ సభ్యుడు, ఫిజీని బ్రిటన్‌కు అప్పగించిన 1874 నాటి పత్రం ప్రకారం ఫిజీయుల ప్రయోజనాలకే ప్రాధాన్యం ఉండాలని, భారతీయుల పెరుగుదల వాటికి ముప్పుగా మారిందని అర్థం వచ్చే తీర్మానం తెచ్చారు. ఒక పూర్తి జాతిని సభలో నిలబెట్టి, మీరిక్కడ ఎందుకున్నారని అడిగినట్టు అయింది.

పటేల్ జవాబులో బతిమాలడం లేదు. ఫిజీయుల భూమి ఫిజీయులదేనని ఒప్పుకున్నారు. ఆ భూమి వాళ్ల చేతుల్లో ఎలా మిగిలిందో కూడా చెప్పారు. తోటల్లో వెన్ను వంచిన భారతీయ కూలీ రాకపోయి ఉంటే ఆ పని ఫిజీయుల నెత్తిన పడేదని, ఆఫ్రికాలో కొన్ని స్థానిక జాతులకు పట్టిన గతే వాళ్లకూ పట్టేదని వాదించారు. వాళ్ల గౌరవాన్ని, ఆత్మను కాపాడింది తనవాళ్ల రాకే అన్నారు. ఫిజీయుల రక్షకుల వేషం వేసుకున్న యూరోపియన్లు సారవంతమైన భూములు ముందే సొంతం చేసుకున్నారన్న చురక కూడా అందులో ఉంది. తీర్మానం సవరించిన రూపంలో నెగ్గింది. ఓట్ల లెక్క ముందే తెలుసు. అయినా గిర్మిటీల శ్రమకు ఫిజీ చరిత్రలో ఉన్న చోటేమిటో ఒక చట్టసభలో అంత సూటిగా చెప్పిన సందర్భం అంతకుముందు లేదు.

ఆ వాదనలో నిజం ఉంది. అయినా దానిలోనే ఒక లోపమూ ఉంది. ‘మా వల్లే మీరు మిగిలారు’ అన్న మాట ఎంత నిజమైనా, విన్న ఫిజీయుడికి అది భరోసాగా వినపడదు.

ఆ తర్వాతి దశాబ్దం త్వరగా చెప్పుకోవచ్చు. 1950లో, 1953లో తులసీరామ్ శర్మ చేతిలో ఓడి పటేల్ సభకు దూరమయ్యారు. వకీలు పని, బడుల పని ఆగలేదు. 1949లో నాది అనే పట్టణంలో మొదలైన శ్రీ వివేకానంద హైస్కూలు వెనుక స్వామి రుద్రానందతోపాటు ఆయన శ్రమ ఉంది. చెరకు రైతుల పిల్లలకు ప్రాథమిక చదువు తర్వాత దారి లేని రోజుల్లో ఆ స్కూలు ఎంత పెద్ద విషయమో, బస్సు సౌకర్యం లేని పల్లెలో చదువుకున్నవాళ్లకు తెలుస్తుంది. 1960లో చెరకు కాంట్రాక్టు మీద మళ్లీ సమ్మె, దాని వెంటే విచారణ కమిషన్. మాల్కమ్ ట్రస్ట్రమ్ ఈవ్ నాయకత్వంలో వచ్చిన ఆ కమిషన్ చెప్పిన రాబడి పంపకం సూత్రం కంపెనీకి అనుకూలంగా ఉందని పటేల్ మొదటి నుంచీ వ్యతిరేకించారు. అయినా ఆ దశాబ్దం చివరిదాకా ఆ లెక్కే నడిచింది. ఈ సమ్మె మిగిల్చిన రైతు కూటమే రాజకీయ పక్షంగా మారింది.

1963 ఎన్నికల్లో మహిళలకు, స్థానిక ఫిజీయులకు మొదటిసారి ఓటు వచ్చింది. భారతీయులు ఎన్నుకునే నాలుగు సీట్లలో మూడింటిని పటేల్, ఎస్.ఎం. కోయా, జేమ్స్ మాధవన్ గెలిచారు. మరుసటి ఏడాది ఫెడరేషన్ పార్టీ పుట్టింది. అదే ఏడాది పటేల్‌కు విద్య, వైద్యం చూసే సాంఘిక సేవల బాధ్యత దక్కింది. వలస పాలన చేయి కింద ఆయనకు దొరికిన ఏకైక అధికారం అదే, రెండేళ్లు.

1965లో లండన్‌లో రాజ్యాంగ సదస్సు జరిగినప్పుడు పటేల్ అదే మాట మళ్లీ చెప్పారు. జాతుల వారీగా ఓటేయించినంతకాలం ప్రతి నాయకుడూ తన జాతికే జవాబు చెప్పుకుంటాడు, దేశానికి చెప్పుకోడు. ఈ మాట ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 1909 తర్వాత మతాన్ని బట్టి పెట్టిన ప్రత్యేక నియోజకవర్గాలు భారతదేశాన్ని ఎటు తీసుకెళ్లాయో, 1947లో ఎక్కడ ఆగాయో ఆయన తరం కళ్లారా చూసింది. బ్రిటిష్ ప్రభుత్వం వినలేదు. వచ్చిన ఏర్పాటులో ఫిజీయులకు 14, భారతీయులకు 12, యూరోపియన్లు తదితరులకు 10 సీట్లు. అప్పటికి జనాభాలో సగానికి కాస్త పైన ఉన్న జాతికి సభలో మూడో వంతు.

1966 ఎన్నికల్లో ఫిజీయుల నాయకుడు రాతు మారా నాయకత్వంలోని అలయన్స్ పార్టీ గెలిచింది. భారతీయుల 12 సీట్లలో, ఒక్క భారతీయులే ఓటేసే 9 సీట్లూ ఫెడరేషన్‌వే. 1967 సెప్టెంబరులో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న పటేల్ తన సభ్యులతో సభ నుంచి బయటికి నడిచారు. రాజ్యాంగం మార్చేదాకా తిరిగి రామన్నారు. సభకు హాజరు కాక సీట్లు పోయాయి. 1968 ఉప ఎన్నికల్లో తొమ్మిదింటినీ ఇంకా పెద్ద మెజారిటీలతో గెలిచారు.

చూడటానికి ఇది గొప్ప విజయం. పటేల్ అంచనా తప్పింది కూడా ఇక్కడేననాలి. ఆ మెజారిటీలు చూసి లండన్ కదులుతుందనుకున్నారు. ఫిజీయులు వాటిలో వేరే సంగతి చూశారు. ఉమ్మడి జాబితా వస్తే రేపు దేశం మొత్తం మీద ఇదే జరుగుతుందని, భూమి కాగితాల మీద తమదైనా చట్టం ఇంకొకరి చేతిలోకి పోతుందని భయపడ్డారు. దేశమంతటా నిరసన ఊరేగింపులు లేచాయి. ఆ భయాన్ని యూరోపియన్ వ్యాపార వర్గం వాడుకున్న మాట నిజం. భయం మాత్రం వాళ్లు పుట్టించింది కాదు. దేశంలో దాదాపు 83 శాతం భూమి ఫిజీయుల సామూహిక సొత్తు, సేద్యం మాత్రం ఎక్కువగా భారతీయ కౌలుదారులది. ఒకరికి లీజు పొడిగించరేమోనన్న టెన్షన్, మరొకరికి నేలే పోతుందేమోనన్న టెన్షన్. న్యాయం తన వైపు ఉందని తెలిసిన లాయరు ఎదుటివాడి భయాన్ని వాదనలో లేని విషయంగా పక్కన పెట్టేస్తాడు. పటేల్ అదే చేశారు.

1969లో చెరకు కాంట్రాక్టు గడువు తీరింది. కంపెనీకీ రైతులకూ ఈసారీ కుదరలేదు. మధ్యవర్తిగా ఇంగ్లండు నుంచి లార్డ్ డెన్నింగ్ వచ్చారు, అక్కడి అత్యున్నత న్యాయమూర్తుల్లో ఒకరు. రైతుల తరఫున వాదన వినిపించింది పటేల్, కోయా. ఎవరు ఎక్కువమంది అన్న ప్రశ్న ఈ గదిలో లేదు. టన్ను చెరకు పండించడానికి రైతుకు ఎంత ఖర్చవుతోంది, దాని నుంచి వచ్చిన చక్కెర మీద, చక్కెర తీయగా మిగిలే మడ్డి (మొలాసిస్) మీద మిల్లుకు ఎంత వస్తోంది, అందులో ఎవరి పాలు ఎంత. పాతికేళ్లుగా సమ్మెల్లో, సభల్లో, కమిషన్ల ముందు అడుగుతూ వచ్చిన ప్రశ్నలే. ఈసారి వినేవాడు కంపెనీకి కట్టుబడినవాడు కాదు. వాదనలు అయ్యాయి. తీర్పు రాకముందే, అక్టోబరు 1న పటేల్ చనిపోయారు.

1970 మొదట్లో తీర్పు వెలువడింది. రాబడిలో రైతుకు 65 శాతం, మిల్లుకు 35 శాతం. దాంతోపాటు టన్నుకు కనీసం 7.75 డాలర్ల హామీ. పంట బాగా లేకపోయినా, ప్రపంచ మార్కెట్ పడిపోయినా రైతు ఆ రేటుకు కిందికి జారడు. ఈ లెక్క మీద వ్యాపారం చేయలేమని సి.ఎస్.ఆర్. తేల్చి చెప్పింది. మిల్లులను ప్రభుత్వానికి అమ్మేసి 1973లో వెళ్లిపోయింది. 1880ల నుంచి ఫిజీని తన పొలంలా చూసుకున్న కంపెనీ అది.

ఓట్ల సంగతి ఇంకోలా ముగిసింది. పటేల్ తర్వాత పార్టీ పగ్గాలు పట్టిన కోయా, మారాతో మాట్లాడుకుని ఉమ్మడి జాబితా డిమాండును పక్కన పెట్టారు. దాంతో 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం ప్రశాంతంగా వచ్చింది, జాతుల జాబితాలు అలాగే ఉన్నాయి. భారతీయుల మద్దతు ఎక్కువగా ఉన్న ప్రభుత్వం 1987లో గెలిస్తే నెల తిరిగేసరికి సైనిక కుట్ర జరిగింది. వేలమంది భారతీయ కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వలసపోయాయి.

పటేల్ పార్టీకి తర్వాతి కాలంలో నాయకుడైన జైరామ్ రెడ్డి, దక్షిణాది గిర్మిటీల వారసుడు, పటేల్ చేయనిది చేశారు. 1997లో ఫిజీ పెద్దల మండలి ముందుకు వెళ్లి మాట్లాడిన మొదటి భారతీయ నాయకుడు ఆయనే. 1987లో కుట్ర చేసిన సైనికాధికారి రబూకాతోనే చేయి కలిపి కొత్త రాజ్యాంగం రాయించారు. భయాన్ని పోగొట్టకుండా హక్కు రాదని ఆయన గ్రహించారు. 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు.

ఉమ్మడి జాబితా చివరికి 2013 రాజ్యాంగంతో వచ్చింది, 2006లో కుట్ర చేసి గద్దెనెక్కిన సైనికాధిపతి బైనిమరామ చేతుల మీదుగా. 2014 సెప్టెంబరులో ఫిజీ మొదటిసారి జాతి గడి లేని ఎన్నికలకు వెళ్లింది. దేశమంతా ఒకే నియోజకవర్గం, 50 సీట్లు. పోలింగ్ బూతులో ఇచ్చిన బ్యాలట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లు లేవు, ఫొటోలు లేవు, పార్టీ గుర్తులూ లేవు. గళ్లు గళ్లుగా నంబర్లు మాత్రమే. ఓటరు తనకు కావలసిన అభ్యర్థి నంబరు గుర్తుంచుకుని దాని మీద గుర్తు పెట్టాలి. పటేల్ పెట్టిన పార్టీకి అందులో మూడు సీట్లు వచ్చాయి.